పాలు కాదు సామీ, నీళ్ళు

కొంచెం పొడుగుగానే రాస్తా ఉన్నా, సావకాశంగా చదవండి. నేను చదివింది తమిళ మీడియం, తెలుగు రాత రిటైరైనాక పట్టుకున్నది. మాటల్లో అరవం వాసన వస్తే సర్దుకోండి. విషయంలో మాత్రం సర్దుకోవద్దు, తప్పనిపిస్తే నేరుగా అడగండి.

క్యాలెండరు పోటీకి వచ్చిన ఫోటోలన్నీ గ్రూపులో పెట్టినారు కదా, ఒక్కొక్కటీ పెద్దది చేసి చూసినా. జలపాతాలు 17. ఆ 17లో 15 ఫోటోల్లో నీళ్ళు లేవు. ఒకదాంట్లో పాలు, ఒకదాంట్లో దూది, ఒకదాంట్లో పెళ్ళికూతురి ముసుగు, ఇంకొకదాంట్లో సాంబ్రాణి పొగ. యానాం తమ్ముడొకరు, అక్కడ జలపాతం లేదు పాపం, గోదావరినే అద్దం చేసి పంపించినాడు. ఒక్క అల లేదు. గోదావరి అట్లా ఎప్పుడుందో యానాం వాళ్ళే చెప్పాల.

మొదటి బహుమతి పాత కుర్తాళం ఫోటోకి ఇచ్చినారు. "దేవలోకంలా ఉంది" అని పెద్దలు మెచ్చుకున్నారు. అంతటితో ఆగి ఉంటే నేను ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరకుందును. అదే ఫోటోని ఆడి నెల విహారయాత్ర పోస్టరు మీద వేసినారు. కింద "పిల్లాపాపలతో రండి, ఆనందంగా తడవండి" అని రాసినారు. నా గలాటా అక్కడ. తీసిన పిల్లవాడు మనవాడే, చెయ్యి తిరిగినవాడు, వాని మీద నాకు ఒక్క మాట లేదు. ఎంచినవాళ్ళ మీద, పోస్టరు వేసినవాళ్ళ మీద ఉంది.

ఈ పాల ఫోటో ఎట్లా వస్తాదో తెలియని అక్కయ్యలకి, అన్నలకి రెండు మాటలు. కెమెరాకి ఒక తలుపు ఉంటాది, షట్టరు అంటారు. మామూలు పగటి వెలుతురులో అది సెకనులో నూరో వంతో, అయిదు వందలో వంతో తెరిచి మూస్తాది. దాన్ని ఒక సెకను, రెండు సెకన్లు, ముప్పై సెకన్లు తెరిచే పెడితే కదలని బండ గట్టిగా పడతాది, కదిలే నీళ్ళు ఒకదాని మీద ఒకటి పడి నునుపైపోతాయి. అంతసేపు తెరిస్తే వెలుతురు జాస్తి అయిపోతాది కాబట్టి లెన్సుకి నల్ల అద్దం తగిలిస్తారు, దాన్ని ఎన్‌డీ ఫిల్టరు అంటారు. అందులో ఆరు స్టాపుల అద్దం వెలుతురుని 64లో ఒక వంతు చేస్తాది, పది స్టాపుల అద్దం సుమారు వెయ్యిలో ఒక వంతు. అంటే సెకనులో 60వ వంతు చాలిన తావులో పది స్టాపుల అద్దం పెడితే పదహారు, పదిహేడు సెకన్లు తెరిచి పెట్టొచ్చు. ట్రైపాడు ఉండాల, చెయ్యి తగలకుండా టైమరు పెట్టాల, ఐఎస్ఓ 100లో ఉండాల. ఎఫ్ 22కి పోతే మొత్తం ఫోటో మెత్తబడిపోతాది కాబట్టి ఎఫ్ 8, ఎఫ్ 11 దగ్గర ఆగాల. నాకూ వచ్చు ఈ పని. మన పిల్లలకి ఇద్దరు ముగ్గురికి నేర్పించినా కూడా. చేతకాక ఏడుస్తా ఉన్నాడు అనే మాట ముందే తీసి పక్కన పెట్టండి.

ఇప్పుడు నా లెక్క వినండి. ఉద్యోగమంతా రైల్వేలో కాగితాలు నింపినవాణ్ణి, లెక్క లేకుండా మాట్లాడలేను.

ఎక్కడా తగలకుండా పడే చుక్క మొదటి సెకనులో సుమారు 5 మీటర్లు దిగుతాది. రెండో సెకను అయ్యేటప్పటికి 20 మీటర్లు దాటుకొని ఉంటాది. అంటే రెండు సెకన్ల ఫోటోలో చుక్క అనేది లేదు, 20 మీటర్ల గీత ఉంది. 20 మీటర్లు దూకిన నీటి వేగం గంటకి 70 కిలోమీటర్లు. మన పాసింజరు బండి మంచి ఊపులో ఉన్నప్పుడు పోయే వేగం అది. ఒక క్యూబిక్ మీటరు నీళ్ళు వెయ్యి కిలోల బరువు. గాలి ఆపేది, బండ ఆపేది తీసేసుకోండి, సగమే అనుకోండి. అయినా ఆ బరువు, ఆ వేగం నెత్తి మీద పడితే ఏమవుతాదో చెప్పనక్కరలేదు.

ప్లాట్‌ఫారం మీద నిలబడి ఆగకుండా పోయే బండిని రెండు సెకన్లు తెరిచి తీయండి. నీలం రంగు పట్టీ ఒకటి వస్తాది, చూడను బాగుంటాది, గోడకి తగిలించుకోవచ్చు. కానీ ఆ ఫోటో చూపించి "ఈ బండి ఎక్కు నాయనా" అని పిల్లవాణ్ణి పట్టాల దగ్గరికి పంపుతామా? కోచి నంబరు లేదు, తలుపు లేదు, మెట్టు లేదు. అందులో బండి లేదు, బండి పోయిన దారి ఉంది. జలపాతం ఫోటో కూడా అంతే.

కుర్తాళం గురించి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే మనం పోయేది అక్కడికి. పీఠం వల్ల ఆ పేరు ఆంధ్రా వైపు వాళ్ళకి కూడా తెలిసినదే. తెన్‌కాశి స్టేషన్లో దిగితే అయిదు కిలోమీటర్లకి జాస్తి లేదు. చిత్తారు నది అది. పేరరువి అనే పెద్ద జలపాతం సుమారు 60 మీటర్లు. ఇంత ఎత్తు నుంచి దూకే నీళ్ళ కింద మనిషి నిలబడి స్నానం చేస్తా ఉన్నాడే, ఎట్లా? నడుమ ఒక లోతైన గుంట ఉంది, పొంగుమాకడల్ అంటారు. పై నుంచి వచ్చే నీళ్ళు ముందు దాంట్లో పడి, పొంగి, ఊపు తగ్గి, మళ్ళీ పొర్లి కిందకి వస్తాయి. ఆ గుంటే లేకపోతే ఆ నీళ్ళ కింద ఎవరూ నిలబడలేరు. కుర్తాళం కథ అంతా ఆ గుంటలో ఉంది. మంచి కన్ను ఉన్నవాడు ఫోటో తీస్తే నీళ్ళు అక్కడ పడి ఎగిరేది, విరిగేది, మళ్ళీ కూడేది కనపడాల. ముప్పై సెకన్లు తెరిచి పెడితే పైనా పాలే, నడుమా పాలే, కిందా పాలే. పొంగుమాకడల్ ఉన్నట్టు కూడా తెలియదు. ఆ ఊరి జలపాతానికి ఉన్న ఒక్క విశేషాన్ని తుడిచేసి దాన్ని అందం అంటా ఉన్నాము.

తుడిచేసింది అదొక్కటే కాదు. మనుషులు ఎక్కడ? సీజనులో కుర్తాళం అంటే మనుషులే. ఒళ్ళంతా నూనె పట్టించుకొని వరసలో నిలబడ్డ పెద్దాయనలు, కమ్మీలు పట్టుకొని కేకలు పెట్టే పిల్లలు, ఆడవాళ్ళ వైపు తడి చీరల మీద తుండుగుడ్డ కప్పుకొని వణుకుతా నవ్వే అవ్వలు. బయటికి వస్తే మంగుస్తాన్, రంబుటాన్ పళ్ళ అంగళ్ళు, వేడి బజ్జీలు. ఈ పాల ఫోటో కావాలంటే తెల్లవారకముందే పోవాల, లేకుంటే ఎక్కువసేపు తెరిచి పెట్టి మనుషులని కరిగించాల. కదిలే మనిషి నీళ్ళతోపాటే మాయమవుతాడు, నిలబడినవాడు పొగ మరకలాగా మిగులుతాడు. "మన తావు, మన నీళ్ళు" అని అంశం పెట్టి, మనని తీసేసిన ఫోటోకి బహుమతి ఇచ్చినాము. అన్నా, క్యాలెండరు ఎవరిది?

అసలు మాటకి వస్తా. 2024 మే 17. అదే పాత కుర్తాళం, పోస్టరు మీద ఉన్న తావు. కొండ మీద వాన పడింది, కింద జనం స్నానం చేస్తా ఉన్నారు. ఉన్నట్టుండి వెల్లువ వచ్చింది. జనం మెట్ల మీద పరిగెత్తే వీడియో మీరందరూ చూసినారు, ఈ గ్రూపులోనే పది సార్లు తిరిగింది. 17 ఏండ్ల పిల్లవాడు కొట్టుకొనిపోయి చనిపోయినాడు. ఆ వీడియోలో నీళ్ళు ఏ రంగులో ఉండాయి? పాలరంగా? మట్టి రంగు. అందులో కొమ్మలు, రాళ్ళు, చెత్త. వెల్లువ వచ్చేముందు నీళ్ళు మనకి చెప్తాయి. తెల్లగా ఉన్నది ఎర్రబడతాది, ఆకులు పుల్లలు జాస్తి అవుతాయి, శబ్దం మారతాది. ఈ మూడు గుర్తులూ తెలిసిన మనిషి పక్కకి వస్తాడు. మన పాల ఫోటో ఏం చేస్తాది? పుల్లలు, ఆకులు నునుపులో కలిసిపోతాయి. ఎరుపు మిగిలితే ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చొని వైట్ బ్యాలెన్స్ తిప్పి తెల్లగా చేస్తారు. శబ్దం ఫోటోలో ఎటూ లేదు. ఇంక పిల్లవానికి ఏం గుర్తు మిగిలింది?

పేరరువిలో పైన ఆర్చి ఒకటి కట్టినారు, చూసి ఉంటారు. నీళ్ళు ఆ ఆర్చి దాటి పడితే పోలీసు వాళ్ళు స్నానానికి తడ పెడతారు. తమిళ పేపర్లలో ప్రతి సీజనూ ఈ వార్త వస్తాది. కాబట్టి కుర్తాళంలో నీళ్ళు ఎక్కడ పడతా ఉండాయి అనేది చూసి తెలుసుకోవలసిన విషయం. ఆర్చికి ఇవతలా అవతలా అన్నది ప్రాణం విషయం. ఎక్కువసేపు తెరిచిన ఫోటోలో నీటి అంచు ఎక్కడ? అంచే లేదు, మంచు ఉంది.

మహారాష్ట్రలో ఉండే సభ్యులకి లోనావాలా గుర్తు చెయ్యనక్కరలేదు. 2024 జూన్ 30న భూశీ డ్యాము దగ్గర జలపాతంలో ఒకే కుటుంబం వాళ్ళు అయిదుగురు కొట్టుకొనిపోయినారు. నీళ్ళ నడుమ బండ మీద ఒకరినొకరు పట్టుకొని నిలబడిన ఆ దృశ్యం నాకు ఇప్పటికీ కళ్ళల్లో నుంచి పోలేదు. వాళ్ళు ఏ ఫోటో చూసి పోయినారని నేను అనడం లేదు, అట్లా అనే హక్కు ఎవరికీ లేదు. మన పోస్టరు చూసి మనవాళ్ళు పోతారు అన్నది మాత్రం ఖాయం, ఏమిటికంటే పోస్టరు వేసేదే అందుకు.

ఇది వరద కథ. కరువు కథ ఇంకొకటి. ఈ పద్ధతికి ఒక విచిత్రమైన గుణం ఉంది, సన్నగా కారే నీళ్ళని కూడా నిండుగా చూపిస్తాది. నాలుగు దారాలు అటూ ఇటూ ఊగుతా పడితే, ముప్పై సెకన్లలో ఆ నాలుగూ ఊగిన తావంతా తెల్లగా నిండి పరదా అవుతాది. కర్ణాటక సభ్యులు పంపించిన జోగ్ ఫోటో చూడండి. జోగ్ 253 మీటర్లు, శరావతి నది. పైన లింగనమక్కి డ్యాము కట్టినాక వానాకాలంలో తప్ప అక్కడ నీళ్ళు బాగా తక్కువ, ఎండాకాలం పోయినవాళ్ళు బండ చూసి తిరిగి వస్తారు. ఒడిశా తమ్ముళ్ళకి డుడుమా అట్లాంటిదే, మాచ్‌ఖండ్ కరెంటు కోసం నీళ్ళు మళ్ళించినారు. ఆ కరెంటులో ఆంధ్రాకీ వాటా ఉంది, కాబట్టి మనందరి లెక్కలోనూ ఉంది ఆ జలపాతం. ఈ రెండు తావుల్లోనూ సన్నటి నీళ్ళని పాల పరదా చేసి చూపిస్తే చూసేవాడు ఏమనుకుంటాడు? నీళ్ళు పుష్కలంగా ఉండాయి అనుకుంటాడు. ఒకే పద్ధతి కరువుని వరద చేస్తాది, వరదని పాయసం చేస్తాది. అబద్ధం అనే మాట పెద్దది, నేను వాడను. రైల్వేలో అయితే రాంగ్ ఎంట్రీ అంటాము.

నిన్న ఫోన్‌లో ఇద్దరు మిత్రులు నాతో వాదించినారు. వాళ్ళ మాటలకి బదులు ఇక్కడే చెప్తా, మిగతావాళ్ళకీ ఉపయోగం.

ఒకాయన అన్నాడు, గోవా సరిహద్దులో దూద్‌సాగర్ అని ఉందే, పేరులోనే పాలసముద్రం, ఆ పేరు పెట్టినవాళ్ళ దగ్గర కెమెరా లేదే అని. నిజమే. క్యాసిల్ రాక్, కుళెం నడుమ బండి పోతా ఉంటే వంతెన పక్కనే 310 మీటర్ల జలపాతం, రైల్వే వాణ్ణి నాకు చెప్పాలా! అది తెల్లగా ఉంటాది, నేనూ ఒప్పుకుంటా. నీళ్ళల్లో గాలి బుడగలు చేరితే వెలుతురు చెదిరి తెల్లగా కనపడతాది. సెకనులో అయిదు వందలో వంతులో తీసినా తెల్లగానే ఉంటాది. నేను తెలుపు మీద తగాదా పెట్టుకోలేదు, నునుపు మీద పెట్టుకున్నా. పేరుని పట్టుకొని వాదించేటట్టయితే మా వైపు పాలారు ఉంది, పేరు పాల నది, రండి చూపిస్తా, ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసకే. హొగెనకల్ మాట కూడా ఎత్తినాడు. కన్నడంలో హొగె అంటే పొగ, కల్లు అంటే రాయి. ఆ పొగ కంటికి కనపడే తుంపర, నీళ్ళు బండని కొట్టినందుకు లేచేది. దెబ్బని దాచిపెట్టి పొగని మాత్రం చూపిస్తే ఎట్లా?

ఇంకొకాయన చదువుకున్నవాడు. పాతకాలం గొప్ప ఫోటోల్లో కూడా జలపాతాలు ఇట్లానే ఉన్నాయి కదా అన్నాడు. ఉన్నాయి. 1861లో కార్లెటన్ వాట్కిన్స్ అమెరికాలో యోసెమిటీ లోయకి పెద్ద పెద్ద గాజు పలకలు మోసుకొనిపోయి తీసిన ఫోటోల్లో నీళ్ళు పాలలాగానే ఉంటాయి. మందు పూసిన పలక తడి ఆరకముందే తీయాల, ఆ పలకకి సెకన్ల కొద్దీ వెలుతురు కావాల. ఆయన ముందర వేరే దారి లేదు. ఇప్పుడు మన జేబులో ఉండే ఫోను సెకనులో వెయ్యో వంతు తీస్తాది. ఆయనకి తప్పనిసరి అయినదాన్ని మనం డబ్బు పెట్టి నల్ల అద్దం కొని తెచ్చుకుంటా ఉన్నాము. కొనుక్కోండి, వద్దనను. ఫోనుల్లో కూడా ఇప్పుడు పది ఫోటోలు కలిపి నునుపు చేసే ఏర్పాటు వచ్చింది, దానికి అద్దం కూడా అక్కరలేదు.

ఆయనే మళ్ళీ, వెయ్యో వంతులో తీస్తే చుక్కలు గాజు గోలీల్లాగా గాలిలో ఆగిపోతాయి, అది మాత్రం నిజమా అన్నాడు. మంచి ప్రశ్న. అది కూడా కన్ను చూసేది కాదు. నీళ్ళు పోతా ఉండాయి అని కన్నుకి తెలుస్తాది, అట్లాగని పాలు అయిపోవు. నా అనుభవంలో సెకనులో 30వ వంతు నుంచి 8వ వంతు దాకా, జలపాతం వేగం బట్టి, దూరం బట్టి, కంటికి దగ్గరి ఫోటో వస్తాది. గీత ఉంటాది, ఆ గీతలో బరువు ఉంటాది, అంచు చినిగి ఉంటాది. వచ్చిన 17లో అట్లాంటివి రెండు ఉండాయి. ఒకటి ఏర్కాడు కిళియూరు జలపాతం, ఫోనుతో తీసింది, ఒక ముసలాయన తడి చొక్కా పిండుతా ఉంటాడు. దానికి ఓదార్పు బహుమతి కూడా రాలేదు. "క్లారిటీ లేదు" అని రాసినారట.

కళ అంటారా, కళకి నేను అడ్డం లేను. సంఘం హాలులో పెద్ద ఫ్రేము కట్టించి తగిలించండి, చందా నేనూ ఇస్తా. కానీ యాత్ర పోస్టరు కళ కాదు. అది టైంటేబులు లాంటిది. అందంగా ఉంటాదని 5.40 బండిని 6.00 అని అచ్చు వేస్తే ప్రయాణీకుడు ప్లాట్‌ఫారం మీద ఏడుస్తాడు.

ఇంకొక విషయం, తీసేవాళ్ళకి. ఈ ఫోటో కోసం మనవాళ్ళు ఎక్కడ నిలబడతా ఉండారో నేను చూస్తా ఉన్నా. నీళ్ళ నడుమ బండ, బండ మీద పాచి, పాచి మీద ట్రైపాడు, ట్రైపాడు వెనక మన పిల్లవాడు. తల వంచి స్క్రీను చూస్తా ముప్పై లెక్క పెడతాడు. అటు పై నుంచి ఏం వస్తా ఉందో చూసేవాడు లేడు. ఒక్క ఫోటోకి ముప్పై సెకన్లు, సరిగా రాలేదని మళ్ళీ ముప్పై, అట్లా అరగంట. దూద్‌సాగర్‌కి పట్టాల మీద నడిచిపోయే జనాన్ని 2023 జూలైలో పట్టుకొని గుంజీళ్ళు తీయించినారు, నవ్వుకుంటా వీడియో పంచుకున్నాము. పట్టా మీద నిలబడేవానికి కనీసం బండి కూత వినపడతాది. ఏటి నడుమ నిలబడినవానికి జలపాతం హోరులో ఏ కూతా వినపడదు. పోవలసి వస్తే ఇద్దరు పోండి, ఒకడు కెమెరా చూడాల, ఒకడు పై వైపు చూడాల. గట్టు మీద నుంచి తీయండి, లెన్సు మార్చుకోండి. తడి బండ మీద మెరుపు పోవాలంటే పోలరైజరు ఒకటి చాలు, దానికోసం నీళ్ళల్లో దిగనక్కరలేదు.

ఆదివారం మీటింగులో నేను మూడు సంగతులు అడగబోతా ఉన్నా, ముందే చెప్పేస్తే మీరూ ఆలోచించుకొని వస్తారు. విహారయాత్ర పోస్టరు మార్చాల. మనుషులు, కమ్మీలు, ఆర్చి కనపడే ఫోటో వేయాల, కింద "పోలీసు తడ ఉంటే స్నానం లేదు, బస్సు తిరిగి వస్తాది" అని పెద్ద అక్షరాలతో రాయాల. బస్సు బాడుగ పోతే పోనీ. క్యాలెండరులో వేసే ప్రతి నీళ్ళ ఫోటో పక్కన ఊరు, నెల, షట్టరు ఎంతసేపు తెరిచినారు, ఈ మూడూ అచ్చు వేయాల. "పాత కుర్తాళం, అక్టోబరు, 25 సెకన్లు" అని ఉంటే చూసేవానికి అర్థమవుతాది, బహుమతి కూడా అట్లానే ఉండనీ, నేను వెనక్కి తీసుకోమని అడగను. మూడోది, కిళియూరు ముసలాయన ఫోటో ఏదో ఒక నెలకి వేయాల. జూన్ ఖాళీగా ఉందని విన్నా.

కమిటీలో కొందరికి కోపం వస్తాది, రానీ. పోయినసారి తెలుగు తరగతుల గది గురించి రాసినప్పుడు కూడా వచ్చింది, తరువాత గది వచ్చింది.

బహుమతి గెలిచిన పిల్లవానికి ఒక మాట. నీకు 30వ వంతులో తీసి చూపించాలని ఉంది. ఆడి నెల యాత్రలో నా పక్కన సీటు పట్టుకో. ట్రైపాడు నాది తెస్తా, ఎడమ కాలు స్క్రూ కొంచెం లూజు, ఒక పాత తుండుగుడ్డ కట్టి బిగించుకోవాల.